‘అమ్మ’కి ఒక్క వేలేనా?

మీ రెండు చేతులూ బల్లమీద పరిచి ఓసారి చూసుకోండి. మధ్యవేలు అన్నిటికన్నా పొడుగు. చిటికెన వేలు పొట్టిది, పైగా బలహీనమైనది. బొటనవేలు మిగిలిన నాలుగింటితో కలవకుండా పక్కకి నిలబడి వుంటుంది, కాని బలంలో దాన్ని మించింది లేదు. వేళ్ళ కొసలన్నిటినీ కలుపుతూ సుద్దముక్కతో గీత గీస్తే అది తిన్నగా రాదు, విల్లులాగా వంగుతుంది.

ఇప్పుడు కంప్యూటరు కీబోర్డుకేసి చూడండి. మీటలు రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు వరసగా వున్నాయి. పొడుగు వేలికీ పొట్టి వేలికీ ఒకటే గీత. బలమైన బొటనవేళ్ళు రెండింటికీ కలిపి ఒకే ఒక్క మీట, అదీ ఖాళీ జాగా వదలడానికి! చిటికెన వేలికి మాత్రం అంచునున్న మీటలన్నీ అప్పగించారు. ఇంట్లో పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుని, అందరికన్నా చిన్నవాడిచేత బిందెలు మోయించినట్టు లేదూ ఇది?

ఇంకో విచిత్రం చూడండి. పై వరస మీటలు కింది వరస మీటలకి సరిగ్గా నెత్తిమీద లేవు, కాస్త ఎడమకి జరిగి వున్నాయి. వేళ్ళకి ఈ ఏటవాలుతో పని లేదు. మరి ఎందుకు? పాత టైపు మిషన్లో ప్రతి మీటకీ కింద ఓ ఇనప కడ్డీ వుండేది. మీటలు ఒకదాని నెత్తిన ఒకటి వుంటే కడ్డీలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. అంచేత పక్కకి జరిపారు. నేటి కీబోర్డులో కడ్డీలు లేవు, తీగలే వున్నాయి. కడ్డీలు పోయి ఎన్నో ఏళ్ళయినా వాటికోసం జరిగిన మీటలు మాత్రం మళ్ళీ వెనక్కి జరగలేదు.

అక్షరాల సంగతి కూడా అంతే. అమెరికాలో మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ షోల్స్ అనే ఆయన మిత్రులతో కలిసి 1868లో టైపు మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. తరవాత రెమింగ్టన్ కంపెనీ ఆ యంత్రాన్ని తయారుచేసి 1874 నుంచి అమ్మింది. పై వరసలో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై అని మొదలయ్యే అమరిక అప్పటిదే. ఆ ఆరక్షరాల్నీ కలిపి ‘క్వెర్టీ’ అని పిలవడం అలవాటయింది. మొదట్లో ఆయన అక్షరాల్ని ఏ, బీ, సీ, డీ వరసలోనే పెట్టాడు. దాని ఆనవాలు ఇప్పటికీ మిగిలివుంది: మధ్య వరసలో డీ, ఎఫ్, జీ, హెచ్, జే, కే, ఎల్ అని చదువుకుంటూ పొండి, మధ్యలో అచ్చులు తీసేస్తే వర్ణక్రమమే!

వరస ఎందుకు మార్చాడు? పక్కపక్కనున్న కడ్డీలు ఒకేసారి లేచి ఇరుక్కోకుండా, జంటగా వచ్చే అక్షరాల్ని దూరదూరంగా పెట్టాడని అందరూ చెబుతారు. మీరు కూడా ఎక్కడో చదివేవుంటారు. నాకు ఆ కథమీద పూర్తి నమ్మకం లేదు. ఇంగ్లీషులో చాలా ఎక్కువగా జంటగా వచ్చే అక్షరాల్లో ఈ, ఆర్ కూడా వున్నాయి గదా, అవి క్వెర్టీలో ఇరుగుపొరుగునే వున్నాయి! జపానులో క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఈ కథని కాదన్నారు. టెలిగ్రాఫు వినిపిస్తూంటే వెంటనే టైపు కొట్టే ఆపరేటర్ల అవసరాలనిబట్టి అమరిక మారుతూ వచ్చిందని వాళ్ళ వాదన. ఏది నిజమైనా మనకి కావలసిన మాట ఒకటుంది: అక్షరాల్ని పేర్చినవాళ్ళు యంత్రం గురించో, ఆనాటి పని గురించో ఆలోచించారు గాని, పది వేళ్ళ గురించి ఆలోచించలేదు. ఆలోచించడానికి వీలూ లేదు. చూడకుండా పది వేళ్ళతో టైపు కొట్టే పద్ధతి అప్పటికింకా పుట్టలేదు.

ఆ పద్ధతికి పేరు తెచ్చిన పందెం ఒకటి 1888 జులై 25న సిన్సినాటి నగరంలో జరిగింది. సాల్ట్ లేక్ సిటీ కోర్టులో షార్ట్ హాండ్ రాసే ఫ్రాంక్ మెక్‌గురిన్ ఒక పక్క, లూయీ ట్రౌబ్ ఇంకో పక్క. ట్రౌబ్ యంత్రం పేరు కాలిగ్రాఫ్. దానిమీద పెద్ద అక్షరాలకి వేరే మీటలు, చిన్న అక్షరాలకి వేరే మీటలు, మొత్తం 72. మెక్‌గురిన్‌ది రెమింగ్టన్. దానికి ‘షిఫ్ట్’ మీట వుంది, అది నొక్కితే ప్రతి మీటా రెండో అక్షరం పలుకుతుంది. అంచేత దాదాపు సగం మీటలతో సరిపోయింది. మెక్‌గురిన్ మీటలకేసి చూడకుండా కొట్టి గెలిచాడు. గెలుపులో ఎక్కువ భాగం ఆయన సాధనదే, ఒప్పుకోవాలి. కాని 72 మీటల్ని చూడకుండా తడుముకోవడం ఎంత కష్టమో వూహించండి. మీటలు తక్కువైతే వేళ్ళు ఇల్లు వదిలి దూరం పోనక్కర్లేదు. చిన్న కీబోర్డు అనే ఆలోచనకి మూలం అక్కడే వుంది.

ఇక చేతిని దృష్టిలో పెట్టుకుని అక్షరాల్ని లెక్కపెట్టి పేర్చినవాడు ఆగస్ట్ డ్వోరక్. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. ఆయనా, ఆయన బావమరిది విలియం డీలీ కలిసి 1936లో కొత్త అమరికకి పేటెంటు పొందారు. ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే అక్షరాల్ని వేళ్ళు సహజంగా వాలే మధ్య వరసలో పెట్టారు. అచ్చులు ఎడమ చేతికి, ఎక్కువగా వాడే హల్లులు కుడి చేతికి ఇచ్చారు. ఒక చెయ్యి మీట నొక్కుతూంటే రెండో చెయ్యి తరవాతి మీటకి సిద్ధమౌతుంది. రోకళ్ళు రెండు వేసి వడ్లు దంచడం చూశారా? ఒకటి లేస్తూంటే రెండోది పడుతుంది. అదే కిటుకు. క్వెర్టీలో మధ్య వరసమీద పడే దెబ్బలు సుమారు మూడో వంతు, డ్వోరక్ అమరికలో సుమారు 70 శాతం.

మరి అందరూ దానికి మారిపోయారా? లేదు. దానివల్ల వేగం ఎంత పెరుగుతుందన్న విషయంలో గొడవ ఇప్పటికీ తెగలేదు. 1956లో అమెరికా ప్రభుత్వం కోసం జరిపిన ఒక పరీక్షలో మళ్ళీ శిక్షణ ఇచ్చిన ఖర్చుకి తగిన లాభం కనబడలేదు. అంచేత డ్వోరక్ అమరిక నేర్చుకుంటే రెట్టింపు వేగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వేళ్ళు నడిచే దూరం తగ్గుతుందన్నది మాత్రం లెక్క; కాగితం, పెన్సిలు వుంటే మీరే తేల్చుకోవచ్చు. నాకు ఆ లెక్కే ముఖ్యం. ఎందుకంటే అదే లెక్క మన తెలుగుకి కూడా వెయ్యాలి, మనం వెయ్యడం లేదు.

తెలుగు కీబోర్డు అనగానే మీలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతే అనుకుంటారు. తప్పు పట్టను, ఫోనులో అది సులువు. కాని తెలుగు రాయడానికి ముందు ప్రతి మాటనీ మనసులో ఇంగ్లీషులోకి మార్చుకోవడం నాకెప్పుడూ కొరుకుడు పడలేదు. చిన్న ‘ల’కి ఏది, పెద్ద ‘ళ’కి ఏది, ‘త’కి ఏది, ‘ట’కి ఏది అని తడుముకోవలసిందే. ఆ అవస్థ లేని అమరిక ఒకటి ప్రభుత్వం తరఫున ఎప్పటినుంచో వుంది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో దాన్ని ప్రమాణంగా ప్రకటించింది, 1988లో సవరించింది. పత్రికాఫీసుల్లో డి.టి.పి. చేసేవారు ఆపిల్ అనీ, మాడ్యులర్ అనీ వేరే అమరికలు అలవాటు చేసుకున్నారు గనక బయట దీని పేరు అంతగా వినబడలేదు.

ఇన్‌స్క్రిప్ట్ చేసినవాళ్ళ తెలివికి నేను దణ్ణం పెడతాను. మన వర్ణమాలలో వున్న శాస్త్రాన్ని వాళ్ళు మీటలమీదికి దించారు. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ‘క’ వున్న మీటనే షిఫ్టుతో నొక్కితే ‘ఖ’, ‘గ’కి షిఫ్టు కలిస్తే ‘ఘ’. గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తులు షిఫ్టు లేకుండా వస్తాయి. విడి అచ్చులు ఇ, ఉ, ఏ అదే మీటలకి షిఫ్టు కలిపితే వస్తాయి. గుర్తులే ఎక్కువ వాడతాం గనక అది న్యాయమే. అన్నిటికన్నా గొప్ప యుక్తి పొల్లు మీట. ప్రతి హల్లుకీ వత్తు వుంది గదా, వాటన్నిటికీ వేరే మీటలంటే బల్లంత కీబోర్డు కావాలి. ఒక్క పొల్లు మీటతో ఆ పని మొత్తం జరిగిపోతుంది: క, పొల్లు, క నొక్కితే ‘క్క’. గుణింతాలూ వత్తులూ కలిపి వేలకి వేలు రూపాలున్న లిపి ఇంగ్లీషువాడి మీటల్లో ఇమిడిపోయింది. పైగా అమరిక హిందీకి, బెంగాలీకి, కన్నడానికి కూడా ఒకటే. ఒక భాషలో నేర్చుకుంటే మిగిలినవాటిలోనూ ‘క’ ఎక్కడుందో మీ వేలికి తెలుసు.

‘తెలుగు’ అని కొట్టి చూడండి. త కుడి, ఎత్వం ఎడమ, ల కుడి, కొమ్ము ఎడమ, గ కుడి, కొమ్ము ఎడమ. రోకటిపోటులాగా కుడి ఎడమ, కుడి ఎడమ!

ఇంతవరకు మెచ్చుకోలు. ఇప్పుడు ‘అమ్మ’ అని కొట్టండి.

ఇన్‌స్క్రిప్టులో ‘అ’ అంటే షిఫ్టుతో కలిపి ఇంగ్లీషు డీ మీట. ‘మ’ సీ మీటమీద వుంది. పొల్లు మళ్ళీ డీ మీట. ఆ తరవాత మళ్ళీ సీ. టైపు నేర్చుకున్నవాళ్ళని అడగండి, డీ, సీ రెండూ ఎడమ మధ్యవేలివే. అంటే ‘అమ్మ’ మాట మొత్తం ఒక్క వేలు పైకీ కిందకీ నాలుగు గెంతులు గెంతి కొట్టాలి. షిఫ్టు కోసం కుడి చిటికెన వేలు సాయం. మిగిలిన వేళ్ళు చేతులు కట్టుకుని చూస్తూంటాయి.

ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదు గనక రెండు వాక్యాలు తీసుకుని లెక్కపెట్టాను. ఖాళీ జాగాలూ, షిఫ్టులూ లెక్కలో చేర్చలేదు. మొదటిది: ‘పిల్లి పాలు తాగి పారిపోయింది.’ మొత్తం 25 దెబ్బలు. కుడి చేతికి 12, ఎడమ చేతికి 13. ఒక్క ‘యిం’ దగ్గర తప్ప ప్రతి మాటలోనూ చేతులు వంతులవారీగా పడుతూనే వుంటాయి. ఇంతకన్నా ఏం కావాలి?

రెండోది: ‘అమ్మ నాకు అన్నం పెట్టింది.’ మొత్తం 22 దెబ్బలు. అందులో కుడి చేతికి వచ్చినవి ఐదే. తక్కిన 17 ఎడమ చేతివి! ఒక్క ఎడమ మధ్యవేలే ఎనిమిది కొట్టింది. పిల్లికి దక్కిన సుఖం అమ్మకి దక్కలేదు.

కారణం దొరకడం కష్టం కాదు. కుడివైపు చోటు చాలక కాబోలు, మ, న, వ అనే మూడు హల్లుల్ని ఎడమ చేతివైపు కింది వరసలో పెట్టారు. అచ్చుల గుర్తులు కూడా ఎడమవైపే. అంచేత మా, మి, నా, ను, వా, వి అన్నప్పుడల్లా రెండు దెబ్బలూ ఎడమ చేతిమీదే పడతాయి. అందులో ‘ని’, ‘ను’ మరీ ఘోరం: న వీ మీట, గుడి ఎఫ్ మీట, కొమ్ము జీ మీట. మూడూ ఎడమ చూపుడు వేలివే. తెలుగులో ని, ను విభక్తులు లేకుండా ఎంతసేపు మాట్లాడగలరో ప్రయత్నించండి! ‘నేను నిన్ను’ అనేసరికే ఆ వేలికి ఆయాసం వస్తుంది.

కుడి చేతికీ ఓ కష్టం వుంది. చ, జ, ట, డ, య ఐదూ చిటికెన వేలికే వచ్చిపడ్డాయి. ‘చెయ్యి’ అని కొడితే చ ఒకసారి, య రెండుసార్లు, మూడూ ఆ వేలే మొయ్యాలి.

ఇంకొకటి. ఎత్వం, ఒత్వం (పొట్టివి) తెలుగుకి నిత్యావసరాలు. పెద్ద, చెట్టు, కొత్త, పొలం. హిందీలో ఎ, ఒలకి హ్రస్వ దీర్ఘ అక్షరాల తేడా లేదు. అన్ని భాషలకీ ఒకటే అమరిక కావాలనేసరికి మంచి చోట్లు దీర్ఘాలకి పోయి, మన హ్రస్వాలకి మూలలు మిగిలాయి. ఎత్వం ఎడమ కింది మూలన జెడ్ మీటమీద, ఒత్వం ఎడమ పై మూలన ఒకటో అంకెకి అవతల!

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్టుని పారెయ్యకూడదు. దాని పునాది గట్టిది. కాని తెలుగు పాఠ్యాన్ని లెక్కపెట్టి, తెలుగు కోసం నాలుగైదు మీటలు సవరించిన రూపం ఒకటి పక్కన వుండాలి, ఇష్టమున్నవాళ్ళు వాడుకుంటారు. ఉదాహరణకి ‘న’నీ, యూ మీటమీదున్న ‘హ’నీ ఒకదాని చోటికి ఒకటి మార్చండి. మన మాటల్లో ‘హ’ కంటే ‘న’ ఎన్నో రెట్లు ఎక్కువ తగులుతుంది. ఒక్క ఈ మార్పుతో అమ్మ వాక్యంలో మూడు దెబ్బలు కుడి చేతికి పోతాయి: 17 కాస్తా 14, ఐదు కాస్తా ఎనిమిది. ‘అన్నం’ వంతులవారీగా పడుతుంది. ‘మ’ సంగతి ఏం చెయ్యాలో నాకు తేలలేదు. బ చోటికి మారుద్దామంటే ‘బ’ కూడా తక్కువదేం కాదు.

దీనికి ఎదురు వాదన వుంది, అది బలమైనదే. అమరిక మారితే హిందీకీ తెలుగుకీ వున్న పొత్తు చెడుతుంది. ఇప్పటికే నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ తడబడతారు. డ్వోరక్ ఓడిపోయింది సరిగ్గా ఇక్కడే. ఐతే టైపు మిషన్ల కాలంలో అమరిక మార్చాలంటే ఇనప అచ్చులు ఊడదీసి మళ్ళీ అతకాలి. ఇవాళ ఆ బాధ లేదు, కంప్యూటరులో ఓ చిన్న పట్టిక మారిస్తే చాలు. తెలుగుని మీటలమీద కొట్టేవాళ్ళు ఇంకా తక్కువగా వున్న ఈ రోజుల్లోనే సవరణ సులువు. అందరికీ అలవాటయ్యాక కడ్డీల కథే మనకీ పడుతుంది.

ఇక కీబోర్డు ఆకారం మాటకొస్తే, చేతికి తగ్గట్టు చెయ్యాలన్న ఆలోచన కొత్తదేం కాదు. జర్మనీలో క్లాకెన్‌బర్గ్ 1926లోనే కీబోర్డుని రెండు ముక్కలు చేసి కాస్త ఏటవాలుగా పెట్టమన్నాడు, మణికట్లు బయటికి వంగకుండా. ఇంగ్లండులో లిలియన్ మాల్ట్ అనే టైపు శిక్షకురాలు 1970ల్లో ఇంకా ముందుకు పోయింది. ఆమె ఆలోచనతో వచ్చిన కీబోర్డులో మీటలు గిన్నెలాంటి గుంటలో వుంటాయి. పొడుగు వేలికి మీట దూరంగా, పొట్టి వేలికి దగ్గరగా. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఈ అక్షరాన్ని ఎడమ బొటనవేలికి ఇచ్చారు! ఆ మాట చదివినప్పుడు నాకు మన పొల్లు గుర్తొచ్చింది. వత్తులతో నిండిన భాషకి పొల్లుని బొటనవేలికి ఇస్తే ఎంత బాగుంటుంది! అమ్మ వాక్యంలో మధ్యవేలి బరువు ఎనిమిది నుంచి ఐదుకి దిగుతుంది.

ఈ మధ్య సరదాగా చిన్న చిన్న కీబోర్డులు తయారుచేసుకునేవాళ్ళు పెరిగారు. వందకి పైగా మీటలున్న కీబోర్డుని అరవైకీ, నలభైకీ తగ్గిస్తారు. అంకెలకి వేరే వరస వుండదు. బొటనవేలితో ఒక మీట పట్టుకుంటే అక్షరాలే అంకెలౌతాయి. షిఫ్టు తమ్ముడన్నమాట. వేళ్ళు ఇల్లు కదలకుండా పని జరుగుతుంది. మీటలు తగ్గే కొద్దీ జ్ఞాపకం పెట్టుకోవలసింది పెరుగుతుందనుకోండి. అన్నిటికన్నా పొదుపు చూడాలంటే చూపులేనివారు వాడే పెర్కిన్స్ బ్రెయిలీ యంత్రాన్ని చూడండి. అక్షరాల కోసం ఆరే మీటలు, చుక్కకి ఒకటి. రెండు మూడు కలిపి ఒకేసారి నొక్కుతారు. ఆరు మీటలతో 63 కలయికలు వస్తాయి, మన భాషలకి ఏర్పరచిన భారతీ బ్రెయిలీ అంతా వాటితోనే రాస్తారు. నేర్చుకున్నవారి వేళ్ళు చూస్తూ వుండిపోవాలనిపిస్తుంది.

కాని ఆ నలభై మీటల చిన్న కీబోర్డుని కొనేముందు మన భాషకి ఓ పరీక్ష పెట్టండి. అవి ఇంగ్లీషు కోసం చేసినవి. ఇంగ్లీషుకి అక్కర్లేని అంచు మీటలు మొదట కోసేస్తారు. ఒకటో అంకె పక్కనుండే మీట, పీ పక్కనుండే బ్రాకెట్ మీట సాధారణంగా వాటిలోనే వుంటాయి. మొదటిది మన ఒత్వం, రెండోది మన ‘డ’. అంచేత దానిమీద ‘కూతురు’ హాయిగా వస్తుంది గాని, ‘కొడుకు’ రాదు!

మీరు కూడా లెక్క మొదలెట్టండి. తెలుగు వాచకంలో ఏ పేజీ అయినా సరే, ప్రతి హల్లుకీ ప్రతి గుర్తుకీ ఓ గడి గీసి, తగిలినప్పుడల్లా ఒక గీటు పెడుతూ పొండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి: వత్తు కనిపించిన ప్రతిచోటా పొల్లు దాగివుంటుంది, దాని గడిలో కూడా ఒక గీటు పడాలి. తరవాత పేజీని క్లాసులో నలుగురూ పంచుకుని, గీట్లని వేళ్ళవారీగా కూడండి. ‘మ’కి ఎక్కడ చోటు దొరుకుతుందో నాకంటే ముందు మీకే తెలియవచ్చు.